వాజీకరణం: గుఱ్ఱం నుండి గాడిద వరకు

ఆయుర్వేదపు ఎనిమిది అంగాలలో వాజీకరణం ఒకటి. ‘వాజి’ అనగా గుఱ్ఱం. పురుషునికి అశ్వబలం చేకూర్చే విధానమని ఆ పేరుకు అర్థం. చరకసంహిత చికిత్సాస్థానంలో రెండవ అధ్యాయం దీనికే కేటాయింపబడినది. పాలు, నెయ్యి, మినుములు, దూలగొండి గింజలతోపాటు పిచ్చుక మాంసం, పక్షుల గుడ్లు అందులో కనిపిస్తవి. కాని ఆ శాస్త్రపు దృష్టి సంతానంపై నిలిచినది. వాజీకరణాలన్నింటిలో శ్రేష్ఠమైనది మనసును రంజింపజేసే స్త్రీయేనని చరకుడు నిర్ణయించినాడు. ఆహారానికి ఆయన ఇచ్చినది రెండవ స్థానమే.

లోకుల నమ్మకం ఈ క్రమాన్ని పాటించలేదు. అది రెండింటిని వెదకినది: ఒకటి పోలిక, రెండవది అపురూపత. అమెరికా నుండి క్రొత్తగా వచ్చిన చిలగడదుంపను, బంగాళాదుంపను 16వ శతాబ్దపు ఆంగ్లేయులు కామోద్దీపకాలని తలచినారు. షేక్స్పియర్ సృష్టించిన ఫాల్‌స్టాఫ్ నోట ఆ ప్రస్తావన వినవస్తుంది. దుంప ప్రతి ఇంటి వంటకమైన తరువాత దాని మహిమ మాసిపోయినది. తెలుగువారి మునగకాయకు ఆ కీర్తి నేటికీ ఉన్నది. పెరటిచెట్టు కనుక ఆ కీర్తి దానికి చేటు తేలేదు.

జంతువు సంగతి వేరు. గుంటూరు, ప్రకాశం, కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాలలో గాడిదమాంసం మగతనాన్ని పెంచుతుందనే విశ్వాసం కొందరిలో బలంగా ఉన్నది. ఆవుపాలతో పోల్చి వేమన తేలికచేసిన జంతువు, నిత్యం తిట్టుగా వినబడే జంతువు, ఇక్కడ ఔషధమైనది. పోలికయే దీనికి మూలం. ఆహార భద్రతా నిబంధనలు పేర్కొన్న మాంసజంతువులలో గాడిద లేదు. అయినను చాటుమాటు వధ సాగినది. దేశంలో 2012లో సుమారు 3.2 లక్షలున్న గాడిదలు 2019 పశుగణన నాటికి 1.2 లక్షలకు తగ్గినవి. బరువులు మోసే పని యంత్రాలపాలు కావడం ఒక కారణం. మాంసానికి, చర్మానికి జరిగే వధ మరొకటి.

మెక్సికోలో సముద్రపు తాబేటి గుడ్లకు ఇట్టి ప్రసిద్ధియే ఉన్నది. 1990లో అక్కడి ప్రభుత్వం తాబేళ్ళ వేటను నిషేధించినా దొంగవ్యాపారం ఆగలేదు. భిలాయి ఉక్కునగరం వెలసిన ఛత్తీస్‌గఢ్ అడవులలో సఫేద్ ముస్లీ దుంపను ఈ కీర్తికొరకే త్రవ్వుతారు. దుంపనైతే పొలంలో నాటుకొనవచ్చును. గాడిద ఏడాదికి పైగా గర్భం మోసి ఒక్క పిల్లనే కంటుంది. నమ్మకం దానిని అరుదు చేస్తుంది. అరుదైన కొలది నమ్మకం బలపడుతుంది. చరకుడు మనసుకిచ్చిన ప్రథమస్థానాన్ని మరచినందుకు మూల్యం చెల్లిస్తున్నది మనిషి కాదు.