కిక్‌ఆఫ్ అప్పుడు ఆ మనిషి గీత దగ్గరే ఎందుకు నిలబడ్డాడు?

శుక్రవారం రాత్రి ఆట చూసి ఇంటికొచ్చాక అమ్మమ్మ ఒక ప్రశ్న అడిగింది. "అందరూ బంతి వెనకాల పరిగెడుతుంటే, ఆ చారల చొక్కా ఆయన ఒక్కడూ గీత దగ్గరే నిలబడిపోయాడేంటే?"

మేముండేది అరోరాలో. కొలరాడో అరోరా కాదు, ఇల్లినాయ్‌లో బాలాజీ గుడి ఉన్న అరోరా. మా తమ్ముడు హైస్కూల్ జట్టులో కిక్‌ఆఫ్‌కి మాత్రమే దిగుతాడు. అప్పుడు అమ్మ కళ్లు మూసుకుంటుంది. అమ్మమ్మ మాత్రం అన్నీ చూస్తుంది. ఆ రోజు నేను సరిగా జవాబు చెప్పలేకపోయాను. తెలుగు మాటలు దొరక్క కొంత, విషయం తెలియక కొంత. తర్వాత చదివితే తెలిసింది, జవాబు 1892 నుంచి మొదలవుతుందని.

ఆ రోజుల్లో కిక్‌ఆఫ్‌లో తన్నడం పేరుకే. బంతిని కాలితో కొంచెం తాకించి, వెంటనే చేతిలోకి తీసుకోవచ్చు. 1892 నవంబర్ 19న మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో హార్వర్డ్, యేల్ జట్లు ఆడాయి. హార్వర్డ్‌కి కొత్త ఎత్తు నేర్పినాయన పేరు లోరిన్ డీలాండ్. ఆయన ఆటగాడు కాదు. చదరంగం ఇష్టం, నెపోలియన్ యుద్ధాల గురించి చదివేవాడు. రెండో సగం మొదట్లో హార్వర్డ్ వాళ్లు రెండు గుంపులుగా చాలా వెనక నుంచి పరిగెత్తుకొచ్చి, బంతి దగ్గర బాణం మొనలా కలిశారు. బంతి ఉన్నవాడు లోపల, మిగతావాళ్లు చుట్టూ. దీని పేరు ఫ్లయింగ్ వెడ్జ్. నేను మొదట "ఎగిరే చీలిక" అని రాశాను. అమ్మమ్మ నవ్వి, "వ్యూహం అనవే, సరిపోతుంది" అంది. నిజమే, మహాభారతంలో ఉన్నవి అవే కదా.

ఆ ఆట 6-0తో యేలే గెలిచింది. అయినా ఆ వ్యూహాన్ని అందరూ కాపీ కొట్టారు, దెబ్బలు పెరిగాయి. 1894లో దాన్ని నిషేధించారు. కిక్‌ఆఫ్‌లో బంతి కనీసం 10 గజాలు పోవాలని నియమం పెట్టారు. గజం అంటే యార్డే. మా మామయ్య హైదరాబాద్‌లో స్థలం గురించి మాట్లాడినప్పుడల్లా వినే మాట.

మన ఊరి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఫాక్స్ నదికి అటూ ఇటూ ఉన్న ఈస్ట్ అరోరా, వెస్ట్ అరోరా హైస్కూళ్ల మధ్య ఫుట్‌బాల్ పోటీ 1893లో మొదలైంది. అంటే ఆ వ్యూహం వచ్చిన మరుసటి ఏడు, నిషేధానికి ముందటి ఏడు. అప్పటికి 10 గజాల నియమం లేదు, కాబట్టి ఆ గీత దగ్గర ఎవరూ నిలబడాల్సిన పని కూడా లేదు.

అసలు నిలబడటానికి మనుషులు కూడా తక్కువే. 1887 నియమం ప్రకారం ఇద్దరు, రిఫరీ, అంపైర్. 1894లో లైన్స్‌మన్ వచ్చాడు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఏడో మనిషి చేరింది 1978లో. మా తమ్ముడి ఆటలో ఐదుగురు ఉంటారు.

హైస్కూల్‌లో 40 గజాల గీత నుంచి తన్నుతారు. అక్కడ ఒకరు ఉంటారు. బంతి అందిస్తారు, జట్టులో 11 మందే ఉన్నారా అని లెక్కపెడతారు, తన్నకముందే ఎవరైనా గీత దాటారా అని చూస్తారు. పది గజాల అవతల, 50 దగ్గర ఇంకొకరు. అమ్మమ్మ చూసింది ఈయన్నే! బంతి పది గజాలు దాటిందా, దాటకముందు తన్నిన జట్టువాడు ముట్టుకున్నాడా, ఇదీ ఆయన పని. ముట్టుకుంటే జేబులోంచి చిన్న గింజల సంచి తీసి ఆ చోట పడేస్తారు. రిఫరీ చాలా వెనక, గోల్ గీత దగ్గర. మిగతా ఇద్దరు పక్క గీతల మీద లోపలికి ఉంటారు. చిన్న కిక్ వస్తుందనుకుంటే ముందుకు వస్తారు. రాష్ట్రాన్ని బట్టి కొంచెం తేడా ఉంటుంది.

బంతి వెళ్లిపోయాక కూడా గీత దగ్గర వాళ్లు దాన్ని చూడరు. వెనక నుంచి ఎవరు ఎవర్ని తోస్తున్నారు, ఎవరు పడి లేవలేదు, అవి చూస్తారు. "చెడుగుడులో గీత చూసేవాడిలాగా" అన్నాను. అమ్మమ్మకి వెంటనే అర్థమైంది.

అమ్మకి చెప్పాల్సింది వేరే. 2016లో హార్వర్డ్, యేల్ ఉన్న ఐవీ లీగే కిక్‌ఆఫ్‌ని 35 నుంచి 40కి జరిపింది. బంతి ఎక్కువసార్లు చివరిదాకా పోయి, పరుగు లేకుండానే ఆగిపోతుందని. కిక్‌ఆఫ్‌లలో తలకి దెబ్బ తగిలి వచ్చే కంకషన్లు ప్రతి 1000కి సుమారు 11 నుంచి 2కి తగ్గాయి. 2024లో ఎన్‌ఎఫ్‌ఎల్ ఇంకా ముందుకెళ్లింది. తన్నేవాడు తప్ప అతని జట్టు అంతా అవతలి జట్టుకి దగ్గరగా నిలబడాలి, బంతి కింద పడేదాకా లేదా ఎవరైనా పట్టుకునేదాకా కదలకూడదు. దూరం నుంచి పరిగెత్తుకొచ్చి గుద్దుకోవడం పోయింది. ఇప్పుడు అక్కడి రిఫరీలు ముందుగా చూడాల్సింది ఎవరి కాలు కదిలిందా అని.

హైస్కూల్‌లో ఈ మార్పు రాలేదు. తన్నేవాడు కాక మిగతావాళ్లు 5 గజాల వెనక నుంచి పరుగు తీయొచ్చు. తమ్ముడు వచ్చే ఏడు కూడా దిగుతానంటున్నాడు. అమ్మ ఇంకా ఒప్పుకోలేదు. పోయిన శుక్రవారం అమ్మ కళ్లు తెరిచే చూసింది, తమ్ముణ్ణి కాదు, 50 గీత దగ్గర ఉన్న ఆయన్ని.