ఆర్‌వీ సంచారం వెనుక పెన్షన్ కథ

అమెరికాలో ఉద్యోగం మానేశాక ఇల్లు అమ్మేసి, ఆర్‌వీ అనే ఇంటిబండిలో కాపురం పెట్టి, చలికాలం దక్షిణానికీ ఎండాకాలం ఉత్తరానికీ తిరిగే దంపతుల గురించి రెండు కథలు ప్రచారంలో ఉన్నాయి. పాత కథ ప్రకారం, బళ్ళు కట్టుకుని పశ్చిమానికి పోయిన తొలితరం వలసదారుల నెత్తురే వీళ్ళ ఒంట్లోనూ ఉంది, అందుకే కుదురుగా ఉండలేరు. కొత్త కథ 2017లో జెస్సికా బ్రూడర్ రాసిన ‘నోమాడ్‌ల్యాండ్’ నుంచీ, 2021లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ అందుకున్న ఆ పేరు సినిమా నుంచీ వచ్చింది. దాని ప్రకారం 2008 ఆర్థిక పతనంలో చితికిపోయిన వృద్ధులే వీళ్ళు. మొదటి కథలో డబ్బు ఊసే లేదు. రెండోదాన్ని చెప్పేవాళ్ళు డబ్బు సంగతి ఎత్తుతారు గాని, అంతకు ముందు యాభై ఏళ్ళు వీళ్ళు దేంతో బతికారని అడగరు. అసలు చరిత్ర ఆ యాభై ఏళ్ళలోనే ఉందని నా అభిప్రాయం.

తొలి దశ చాలామందికి తెలిసిందే. ఫోర్డ్ మోడల్ టీ కార్లలో గుడారాలు వేసుకొచ్చి ఫ్లోరిడా చేరినవాళ్ళు 1919లో టాంపాలో ‘టిన్ క్యాన్ టూరిస్ట్స్’ సంఘం పెట్టుకున్నారు. రేడియేటర్ మూతకు అతికించిన రేకుడబ్బా వాళ్ళ గుర్తు. 1930లలో ట్రైలర్ ఫ్యాక్టరీలు వెలిశాయి. 1936లో ట్రైలర్ల తయారీదారు వాలీ బయమ్ ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్‌ను తెచ్చాడు. ఇరవై ఏళ్ళలో సగం అమెరికా ట్రైలర్లలోనే కాపురముంటుందని ఆర్థిక విశ్లేషకుడు రోజర్ బాబ్సన్ జోస్యం చెప్పాడు. అది ఫలించలేదు. చరిత్రలు రాసేవాళ్ళకు ఈ దశాబ్దం అంటే మోజు, ఫొటోలు బాగుంటాయి కనుక. కానీ పని మానేసి ఏళ్ళ తరబడి బండిలో బతకాలంటే నెలనెలా చేతికి డబ్బు రావాలి. ప్రభుత్వ పెన్షన్ ఇచ్చే సోషల్ సెక్యూరిటీ చట్టం 1935లో వచ్చినా తొలి నెలవారీ చెక్కు అందింది 1940 జనవరిలో. అదీ 65 నిండితేనే.

1956లో రెండు చట్టాలు వచ్చాయి. ఒకటి అంతర్రాష్ట్ర రహదారుల చట్టం. ఆర్‌వీల మీద ఏ పుస్తకం తెరిచినా దీని ప్రస్తావన ఉంటుంది. రెండోది, స్త్రీలు 62 ఏళ్ళకే కొంత తగ్గించిన సోషల్ సెక్యూరిటీ తీసుకోవచ్చన్న సవరణ. 1961లో మగవాళ్ళకూ ఆ వీలు వచ్చింది. దీన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 1962లో బండి నిలుపుకుని బస చేసే కేఓఏ క్యాంపులు మొదలయ్యాయి, 1965లో వృద్ధుల ప్రభుత్వ వైద్యబీమా మెడికేర్ చట్టమైంది, 1966లో అయోవాలోని విన్నెబాగో కంపెనీ మోటార్ హోమ్‌లు తయారు చేయడం ప్రారంభించింది. బండి, బాట, బస అన్నీ అమరాయి. 65 దాకా ఆగకుండా బయలుదేరడానికి కావలసింది ఇంకొకటుంది. అది డెట్రాయిట్ నుంచి వచ్చింది.

1970 సెప్టెంబరులో జనరల్ మోటార్స్ కార్మికులు దాదాపు 4 లక్షల మంది సమ్మెకు దిగారు. 67 రోజులు నడిచిన ఆ సమ్మెలో పెద్ద కోరిక ‘ముప్ఫై ఏళ్ళు చేశాం, ఇక చాలు’ అన్నది. అసెంబ్లీ లైను మీద ముప్ఫై ఏళ్ళు పనిచేసినవాడు, వయసెంతైనా, నెలకు 500 డాలర్ల పెన్షన్‌తో ఇంటికి పోవాలి. అడిగినదంతా ఒక్కసారిగా దక్కలేదు. మొదట 58 ఏళ్ళని, తర్వాత 56 అని వయసు అడ్డం పెట్టారు. 1973 బేరసారాల్లో ఆ అడ్డమూ తొలగింది. విరమించాక కూడా కంపెనీ వైద్యబీమా కొనసాగేది. పద్దెనిమిదేళ్ళకు ఫ్యాక్టరీలో చేరినవాడు యాభై దాటకుండానే చేతులు దులుపుకుని బయటికి రాగలిగాడు. కార్ల ఫ్యాక్టరీల ఊరు ఫ్లింట్ మీదుగా పోయే 75వ నంబరు అంతర్రాష్ట్ర రహదారే డెట్రాయిట్ దాటి టాంపాకు దిగుతుంది. మిషిగన్ మంచు నుంచి ఫ్లోరిడా ఎండకు ఏటా సాగే వలసకు వేరే కారణాలు వెతికేవాళ్ళు ముందు ఈ దారి పటం చూడాలి.

అలాగని అంతా కార్ల కార్మికుల చలవే అంటే అతి అవుతుంది. వాళ్ళలో ఎక్కువమంది ఉన్న ఊళ్ళోనే ఉండిపోయారు. ఇరవై ఏళ్ళ సర్వీసుకే పెన్షన్ పుచ్చుకునే సైనికులు, రాష్ట్ర పెన్షన్ ఉన్న టీచర్లు కూడా ఈ సంచారుల్లో కలిశారు. మానవశాస్త్రవేత్తలు డొరొతీ, డేవిడ్ కౌంట్స్ దంపతులు తామూ ఆర్‌వీలో తిరిగి 1996లో వెలువరించిన పుస్తకంలో వీళ్ళు ఒంటరులు కారనీ, ఒకరికొకరు ఆసరాగా ఉండే సమాజమనీ చూపించారు. ఒప్పుకోవలసిన మాటే. అయితే ఆ సమాజం నిలబడింది నెల తప్పని పెన్షన్ మీద. 1973, 1979 చమురు సంక్షోభాలు ఆర్‌వీ అమ్మకాలను కుదేలు చేశాయి. సరిగ్గా ఆ రెంటి నడుమ, 1978లో, జో, కే పీటర్సన్ దంపతులు పూర్తికాల సంచారుల కోసం ఎస్కపీస్ క్లబ్ పెట్టారు. సెలవులకు తిరిగేవాడు పెట్రోలు ధర చూసి మానుకుంటాడు. ఒకచోట నెలల తరబడి మకాం వేసేవాడికి దాని బాధ తక్కువ. వాడికి కావలసింది ఉత్తరాలు చేరే చిరునామా. ఆ క్లబ్ టెక్సస్‌లోని లివింగ్‌స్టన్ కేంద్రంగా దాన్నీ సమకూర్చింది.

1983 ఈ చరిత్రకు నడిమి గుమ్మం. అరిజోనా, కాలిఫోర్నియా ఎడారుల్లో శీతాకాలపు మకాంల కోసం కేంద్రప్రభుత్వ భూనిర్వహణ శాఖ ప్రత్యేక స్థలాలు కేటాయించింది ఆ ఏడాదే. వాటిలో క్వార్ట్‌జ్‌సైట్ దగ్గరి లా పోసా ఒకటి, 11 వేల ఎకరాల పైచిలుకు. కంకర నేల, క్రియోసోట్ పొదలు, తాగునీటి కుళాయిలు, మురుగు ట్యాంకు ఖాళీ చేసుకునే చోటు. స్థలానికి కరెంటు లేదు. బండి అద్దానికి పర్మిట్ స్టిక్కర్ అంటించుకుంటే సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా ఉండొచ్చు. చాలా ఏళ్ళు దీని రుసుము 180 డాలర్లే, అంటే నెలకు పాతిక డాలర్ల చిల్లర. ఆ శాఖ కిందే ఉన్న మామూలు భూముల్లో 14 రోజులకు మించి ఉండనివ్వరు. బండికి చోటు దొరికింది సరే. ఆ 1983లోనే సోషల్ సెక్యూరిటీ సవరణలు పూర్తి పెన్షన్ వయసును మెల్లగా 67కు పెంచాయి. 1960లోనో ఆ తర్వాతో పుట్టినవాళ్ళు 62కే తీసుకుంటే 30 శాతం కోత. ఈలోగా కంపెనీలు కచ్చితమైన పెన్షన్ వదిలించుకుని ఉద్యోగి పొదుపు మీద నడిచే 401(కె) ఖాతాల వైపు మళ్ళాయి. పాత పెన్షన్‌కూ సీపీఎస్‌కూ తేడా తెలిసిన మన ఉద్యోగులకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు.

అందుకే నేటి పరిస్థితి నాకు అంత ముచ్చటగా కనబడదు. కరోనా తర్వాత 2021లో దాదాపు 6 లక్షల ఆర్‌వీలు ఫ్యాక్టరీల నుంచి బయటికి వచ్చాయి. రెండేళ్ళకు ఆ లెక్క సగానికి పడింది. ఎడారి కంకర మీద పక్కపక్కనే నిలిచిన రెండు బళ్ళలో ఒకటి పాత పెన్షన్‌ది, రెండోది పండగ సీజన్‌లో గిడ్డంగుల్లో పెట్టెలు మోసి వచ్చినవాళ్ళది. 2008లో అమెజాన్ ఇలాంటి సంచారుల కోసమే ఒక పథకం మొదలుపెట్టి పదేళ్ళకు పైగా నడిపింది. బ్రూడర్ చూసినది నిజమే. ఆ రెండో బండినే మొత్తం గుంపుగా అనుకోవడం పాఠకుల పొరపాటు. ఒక్క రాత్రి బస రసీదు చూపి దక్షిణ డకోటాలో డ్రైవింగ్ లైసెన్సు తీసుకుని, రాష్ట్ర ఆదాయపు పన్ను లేని చోట చిరునామా పెట్టుకుని, వేరే రాష్ట్రంలో శీతాకాలమంతా గడపడాన్ని స్వేచ్ఛ అని పొగడటం కూడా నాకు మింగుడుపడదు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు వైద్యం. మెడికేర్ మామూలుగా 65కు గాని రాదు. 2014కు ముందు, పాత జబ్బు ఉందంటే చాలా రాష్ట్రాల్లో బీమా కంపెనీలు విడిగా పాలసీ ఇవ్వకుండా తోసిపుచ్చేవి. ఇప్పుడు ఇవ్వక తప్పదు గాని, ఆ పాలసీలు చాలావరకు సొంత రాష్ట్రంలోని ఆసుపత్రులకే పరిమితం. అత్యవసరం కాని చికిత్సకు దారిలో అవి అక్కరకు రావు. అమెరికాలో స్థిరపడిన మనవాళ్ళలో ఎవరైనా యాభై దాటగానే ఉద్యోగానికి సెలవు చెప్పి ఆర్‌వీ కొందామనుకుంటుంటే, బండి ధర అడిగే ముందు ఒక్క సంగతి కనుక్కోండి: 65 వచ్చేదాకా మీ బీమా ఏ చిరునామా మీద ఇస్తారు, ఏ రాష్ట్రాల ఆసుపత్రుల్లో చెల్లుతుంది?