మన గోదావరి సీమలో మనం చూడవలసిన చోట్లు

సెలవులు రాగానే మనలో చాలామంది పిల్లల్ని వెంటబెట్టుకొని హైదరాబాదు బయలుదేరుతారు. చార్మినారు చూపిస్తారు, గోలకొండ ఎక్కిస్తారు. మంచిదే, కాదనము. అయితే చార్మినారు కట్టింది 1591లో. రాజమండ్రి మెయిన్ రోడ్డులోని పెద్ద మసీదు శాసనం హిజ్రీ 724 రంజాన్ 20వ తేదీది, అనగా 1324 సెప్టెంబరు 10. చార్మినారుకంటె 267 ఏళ్లు పెద్దది! రోజూ ఆ దారినే బజారుకు పోయివచ్చే మనం ఎన్నిసార్లు ఆగి చూశాము?

అప్పుడు ఢిల్లీని ఏలుతున్నది గియాసుద్దీన్ తుగ్లక్. ఆయన కుమారుడు ఉలుగ్ ఖాన్ ఓరుగల్లును పట్టుకున్నది 1323లో. ఆ మరుసటి ఏడాదే సాలార్ ఉల్వీ అనే ఆయన ఈ మసీదును కట్టించాడు. గెలిచినవారి కట్టడమది. ఆ సంగతి పిల్లలకు చెప్పకుండా దాటవేయడం మాకు సమ్మతం కాదు.

మొన్నామధ్య మేము కొందరం పిల్లల్ని తీసుకొని అక్కడికి వెళ్లాము. ఖురాన్ చదివిన పిల్లలు గనుక ఒకటి రెండు అక్షరాలు కూడబలుక్కున్నారు. "దీనర్థం ఏంటి తాతా?" అని ఒకడు అడిగాడు. పెద్దలం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాము. ఫారసీ చదివి చెప్పగలవాడు మాలో ఒక్కడు లేడు. మా తాతల తరంలో ఇంటికొకరైనా గులిస్తాన్, బోస్తాన్ చదివినవారు ఉండేవారు. ఆ పుస్తకాలు అటకమీద చెదలు తింటున్నాయి. మాకు సిగ్గనిపించింది, అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

రాజమండ్రి నుంచి తెల్లవారి బయలుదేరితే ఒక్కరోజులో చూసి రాదగినవి చాలా ఉన్నాయి. ముందు ధవళేశ్వరం. 1847లో మొదలుపెట్టి 1852కు కాటన్ దొర పూర్తిచేసిన ఆనకట్ట అక్కడిదే. ఇప్పుడున్న బారేజి తరువాత కట్టినది, దొర పేరే పెట్టారు. మన తాతలు ఏ వృత్తిలో ఉన్నా తిన్నది ఆ నీటితో పండిన బియ్యమే గదా.

అక్కడినుంచి ద్రాక్షారామం. భీమేశ్వరాలయం చాళుక్యులనాటిది, స్తంభాలమీద, గోడలమీద ఎటు చూసినా శాసనాలే. ఆ ఊళ్లోనే సయ్యద్ షా భాజీ ఔలియా దర్గా ఉంది. ఫకీర్లతో కలిసి దూరదేశంనుంచి వచ్చిన ఔలియా కథ 1907 నాటి గోదావరి జిల్లా గజెటీరులోకి కూడా ఎక్కింది. మొక్కు తీర్చుకునేందుకు హిందువులూ వస్తారు. గుడి చూసినవారు దర్గాకు, దర్గాకు వచ్చినవారు గుడికి ఓ అడుగు వేసి రావడం మంచిది.

యానాం దారిలోనే తగులుతుంది. 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడి, నేటికీ పుదుచ్చేరి కిందనే లెక్క. అక్కడ ఎక్కువసేపు ఆగనక్కరలేదు.

ఆగవలసింది కోరంగిలో. ఓడలు కట్టిన రేవు అది. బర్మా వెళ్లిన తెలుగువారందరినీ అక్కడివారు ఊరి పేరుతో "కొరంగీలు" అనేవారు. 1789లో ఒకసారి, 1839 నవంబరు 25న మరోసారి సముద్రం ఊరిమీద పడింది. రెండో దెబ్బనుంచి మరి కోలుకోలేదు. ఇరవైవేల ఓడలు మునిగాయని రాస్తుంటారు. అన్ని ఓడలు పట్టే రేవు కాదది, ఆ లెక్క పిల్లలకు చెప్పకండి. 1978లో ప్రభుత్వం అభయారణ్యంగా ప్రకటించిన మడ అడవి ఇప్పుడక్కడ చూడదగినది. పడవ షికారు పోటునుబట్టి ఉంటుంది, ముందే కనుక్కొని వెళ్లాలి. నీటిలోకి వేళ్లు దించుకొని నిలబడ్డ ఆ చెట్లను చూపిస్తూ, మనవాళ్లు గల్ఫుకు పోకమునుపు ఈ రేవునుంచి రంగూనుకు జనం ఓడలెక్కారని పిల్లలకు చెప్పండి.

చివరకు కాకినాడ. 1923 డిసెంబరులో అక్కడ జరిగిన కాంగ్రెసు మహాసభకు అధ్యక్షుడు మౌలానా మహమ్మద్ అలీ. ఈ సంగతి మన పిల్లల్లో ఎందరికి తెలుసు?

వచ్చే సెలవుల్లో సంఘం తరఫున ఒక బస్సు మాట్లాడదామని మా ఆలోచన. ఈలోగా సభ్యులెవరి ఇంట్లోనైనా పాత ఫారసీ పుస్తకాలుంటే, లేక ఫారసీ తెలిసిన పెద్దలుంటే మాకు కబురు చేయండి. శాసనానికి తెలుగు అర్థం రాయించి, బస్సు బయలుదేరేనాటికి పిల్లల చేతికివ్వాలి. ఆ అడిగిన అబ్బాయికి మొదటి కాగితం.