ఊడి వచ్చే ములికి

స్పియర్‌గన్ అంటే నీళ్లలో మునిగి చేపను కొట్టే తుపాకీ. అందులో మందూ ఉండదు, గుండూ ఉండదు. సాగదీసి బిగించిన రబ్బరు పట్టీలు ట్రిగ్గరు నొక్కగానే ఇనప ఈటెను విసురుతాయి. దీన్ని ఎంచుకునేవారు ముందు నీటిని చూస్తారు. నీరు మసకగా ఉన్నచోట, రాళ్ల సందుల్లో 75 సెంటీమీటర్ల లోపు పొట్టిది చాలు. రెండు బారల అవతల ఏముందో కనపడని చోట దూరం పోయే ఈటెతో పనేముంది? పైగా పొడుగుదాన్ని నీళ్లలో పక్కకు తిప్పడం కష్టం. తేటనీటి పగడపు దిబ్బల దగ్గర 90 నుంచి 110 సెంటీమీటర్లవి వాడతారు. నడిసముద్రంలో పెద్ద చేపకు ఇంకా పొడుగుది కావాలి. దానికి రెండు మూడు పట్టీలు, నీటిపై తేలే బుర్ర కట్టిన పొడవాటి తాడు, ఊడి వచ్చే ములికి ఉంటాయి.

ఈ తుపాకీ 1930లలో ఫ్రాన్సు దేశపు మధ్యధరా తీరంలో రూపు దిద్దుకుంది. అక్కడ వేటాడిన గై గిల్‌పాట్రిక్ అనే అమెరికా రచయిత 1938లో పుస్తకం కూడా వేశాడు. చరిత్ర చెప్పేవారు తరచుగా అక్కడే మొదలుపెడతారు. ఆ మొదలు మాకు ఆలస్యంగా తోస్తుంది. రబ్బరూ ట్రిగ్గరూ కొత్తవే కావచ్చు. నీటిని చూసి, జంతువును చూసి ఆయుధం ఎంచుకునే తెలివి మాత్రం చాలా పాతది.

అండమాన్ ఆదివాసులను చూడండి. రాడ్‌క్లిఫ్ బ్రౌన్ 1906-08లో వారి మధ్య తిరిగి, 1922లో పుస్తకం అచ్చువేశాడు. అంతకుముందే ఇ.హెచ్. మాన్ వారి పనిముట్లను వివరంగా రాశాడు. పోటు తీసినప్పుడు దిబ్బల మీది లోతు తక్కువ నీటిలో చేపను కొట్టడానికి వారికి ఒక బాణం ఉంది. దాని మొన ఊడదు. అడవి పందికి వేరే బాణం. దాని ఇనప ములికి పుల్ల నుంచి ఊడుతుంది గాని, తాడుతో కట్టి ఉంటుంది. పంది పరుగెత్తితే వెనక ఈడ్చుకుపోయే పుల్ల పొదల్లో చిక్కుకుంటుంది. ఇక తాబేలుకు పొడవాటి వెదురు బొంగు ఈటె. పడవ ముక్కున నిలబడి ఆ ఈటెతో సహా నీళ్లలోకి దూకుతారు. ములికి తాబేలులో దిగి బొంగు వదిలేస్తుంది. నారతాడు మాత్రం ములికినీ పడవనూ కలిపి ఉంచుతుంది. పెనుగులాడే బరువును బొంగు మీద పడనివ్వకపోవడమే ఇందులో కిటుకు. బొంగు విరగదు, దెబ్బ వృథా పోదు. నడిసముద్రపు స్పియర్‌గన్‌కు తాడూ తేలే బుర్రా ఉన్నదీ ఇందుకే.

ములికి ఊడడమే కాదు, చర్మం కింద అడ్డం తిరిగితే ఇంకా గట్టిగా పడుతుంది. కెనడాలో లాన్స్ అమూర్ అనే చోట సుమారు 7,500 ఏళ్లనాటి పిల్లవాడి సమాధిలో అలాంటి ములికి దొరికింది. ఇన్యూట్ జనం అలాంటివాటితోనే సీలునూ తిమింగలాన్నీ వేటాడారు. వేట ఓడలవాళ్లు వాటిని చూస్తూనే ఉన్నారు. 1848లో లూయిస్ టెంపుల్ అనే నల్లజాతి కమ్మరి న్యూ బెడ్‌ఫర్డ్‌లో అడ్డం తిరిగే ఇనప ములికి చేశాడు. తిమింగలాల వేట దానివల్ల మారిపోయింది. ఆయన పేటెంటు తీసుకోలేదు, 1854లో పేదగానే పోయాడు. ఇప్పుడు స్పియర్‌గన్ కొనేవాళ్లు "స్లిప్ టిప్" పేరుతో డబ్బిచ్చి తెచ్చుకునేది ఆ పద్ధతినే.

మన వాగుల్లో నీరు తేటపడ్డాక విల్లుతో చేపను కొట్టే పెద్దలకు ఇంకో సంగతీ తెలుసు. ఒడ్డు నుంచి చూస్తే చేప ఉన్నచోటికన్నా పైకి కనబడుతుంది, అందుకని కిందికి గురిపెట్టాలి. బళ్లో దీన్ని కాంతి వక్రీభవనం అంటారు. ఆ పాఠం చెప్పే రోజున ఉపాధ్యాయులు ఒక పెద్దాయనను బడికి పిలిస్తే బాగుంటుంది. మ్యూజియంలో రకరకాల బాణాలను ఒకే గోడకు కొట్టి, కింద "గిరిజనుల బాణాలు" అని ఒక్క చీటీ పెడితే, ఏది ఏ నీటికి, ఏది ఏ జంతువుకు అన్నది మాయమౌతుంది. ఊళ్లో మిగిలిన బాణాలనైనా ఒక్కొక్కటీ చేతికి తీసుకుని, మన మాటలో దాని పేరేమిటో, ఎప్పుడు తీసేవారో పిల్లలు అడిగి రాయాలి.