హద్దుగీటు మీది అంకె

నేడు రక్తపరీక్ష చేయించుకొన్నవారి చేతికి వచ్చు కాగితములో టి.ఎస్.హెచ్. అను మూడక్షరముల యెదుట ఒక అంకె యుండును. దాని ప్రక్కనే ఇంతనుండి ఇంతవరకు అను హద్దును అచ్చువేయుదురు. పైహద్దు సాధారణముగా 4 లేక 4.5. మన అంకె 6 అయినచో దానిని ముదురు అక్షరములలో ముద్రింతురు. ఇంటివారు "థైరాయిడ్ బార్డరులో ఉన్నదట" అని చెప్పుకొందురు. ఆ పిమ్మట ప్రశ్న ఒక్కటే: ప్రతి ఉదయము పరగడుపున, బహుశః బ్రదికినంత కాలము, ఒక మాత్ర మ్రింగవలయునా, వలదా? దీనికి బదులు చెప్పవలసినవాడు వైద్యుడే. అయినను ఆ గీటును ఎవరు, ఎప్పుడు, ఎట్లు గీసిరో ఎరిగియున్నచో ఆయన చెప్పునది మనకు సులువుగా బోధపడును.

తొలుత ఈ వ్యాధికి అంకెలు లేవు. ముఖము చూచియే గుర్తించెడివారు. 1873లో లండను వైద్యుడు విలియం గల్, పెద్దవయస్సు స్త్రీలలో కొందరి ముఖము ఉబ్బి, నాలుక మొద్దువారి, మాటయు నడకయు మందగించుటను వర్ణించెను. 1878లో విలియం ఆర్డ్ దీనికి మిక్సిడీమా యని పేరు పెట్టెను. కారణము మాత్రము వెంటనే తేలలేదు. స్విట్జర్లాండులోని బెర్న్ నగరమున థియోడర్ కోకర్ అను శస్త్రవైద్యుడు గళగండములను కోసి తీయుటలో అందెవేసిన చేయి. గ్రంథిని పూర్తిగా తీసివేసిన తన రోగులను ఆయన మరల పిలిపించి చూడగా వారిలో అనేకులు ఇదే దుస్థితిలో నుండిరి. 1883లో ఆ సంగతిని దాచక ప్రకటించెను. ఆయనకు 1909లో నోబెల్ బహుమానము వచ్చినది. తన కత్తి చేసిన కీడును తానే లోకమునకు చెప్పుట అంతకన్న గొప్పపని యని నాకు తోచును.

1891లో ఇంగ్లండు ఉత్తరభాగమందలి న్యూకాసిల్ పట్టణమున జార్జి మర్రే అను యువవైద్యుడు గొర్రె థైరాయిడ్ గ్రంథినుండి గ్లిసరిన్‌తో సారము తీసి, 46 ఏండ్ల రోగి యొకామెకు సూదిమందుగా ఇచ్చెను. కొలది నెలలలో ఆమె ముఖము తేటపడెను, మాట తేరెను. మరుసటి సంవత్సరమే ఆ గ్రంథిని నోటితో తిన్నను చాలునని ఇతర వైద్యులు కనుగొనిరి. ఆమె మరి 28 ఏండ్లు జీవించి 1919లో 74వ యేట మరణించెను. ఆ కాలమంతయు ఆమెకు పట్టిన మందు 870కి పైగా గొర్రెల గ్రంథులనుండి తీసినదని మర్రే లెక్క కట్టెను. ఆమె విషయమున మందు వలయునా, వలదా యను సందేహము ఎవ్వరికిని కలుగలేదు. కలుగుటకు తావును లేదు.

1914లో అమెరికాలో ఎడ్వర్డ్ కెండాల్ గ్రంథిలోని సారభూతమైన థైరాక్సిన్‌ను స్ఫటికరూపమున వేరు చేసెను. 1927 నాటికి ఛార్లెస్ హారింగ్టన్ దానిని ప్రయోగశాలలో తయారు చేయగలిగెను. నేటి మాత్ర దాని సంతతియే.

మందు తేలికైన కొలది ఎవరికి ఈయవలయునను ప్రశ్న బరువెక్కెను. కనుక కొలత కావలసి వచ్చినది. ఇరువదవ శతాబ్ది తొలిభాగమున రోగిని పరగడుపున పరుండబెట్టి, ముక్కుకు బిగింపు వేసి, నోటి గొట్టముద్వారా పీల్చు ప్రాణవాయువును కొలిచెడివారు. భయపడినను అంకె మారెడిది. మరి ముక్కు బిగించిన మనిషి భయపడకుండునా? తరువాత రక్తములోని అయొడినును కొలుచుట వచ్చినది. ఇవి మోటు కొలతలే. ముదిరిన వ్యాధిని పట్టుకొనెనే గాని అంకురమును పట్టలేదు.

ఆ లోటు 1960 తరువాత తీరినది. రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్ కల్పించిన రేడియో ఇమ్యునో పరీక్షావిధానముతో రక్తములోని అతిసూక్ష్మ పదార్థములను లెక్కించుట సాధ్యమైనది. ఆ దశాబ్దిలోనే టి.ఎస్.హెచ్.ను కూడ అట్లు కొలువసాగిరి. ఇది థైరాయిడ్ చేయునది కాదు. మెదడు క్రిందనున్న పీయూష గ్రంథి థైరాయిడ్‌కు పంపు ఆజ్ఞ. పనివాడు చురుకుగా నున్నంతకాలము మేస్త్రీ మెల్లగా మాటాడును. వాడు కొంచెము జాగు చేసినచో గొంతు హెచ్చించును. థైరాక్సిన్ సగమునకు తగ్గినచో ఈ కేక సుమారు నూరు రెట్లగును. కావున పని ఇంకను సక్రమముగా జరుగుచుండగనే కేక మాత్రము వినవచ్చుట సంభవము. బార్డరు అనునది ఇదియే.

మర్రే పనిచేసిన న్యూకాసిల్‌లోనే 1973లో డేవిడ్ ఎవరెడ్, రెజినాల్డ్ హాల్ ప్రభృతులు ఈ లోపమునకు మెట్లు కట్టి, పైకి చిహ్నములు కనబడని మెట్టును వేరుగా గుర్తించిరి. అంతకు పూర్వము రోగి ముందు, అంకె తరువాత. ఇప్పుడు అంకె ముందు వచ్చి రోగిని వెదకసాగినది.

ఆ ప్రాంతమందలి విక్కమ్‌లో అదే దశాబ్దిలో 2779 మంది పెద్దలను పరీక్షించిరి. స్త్రీలలో నూటికి 7.5, పురుషులలో 2.8 మందికి అంకె 6 దాటెను. ఇరువది యేండ్ల తరువాత వారిని మరల వెదకి చూచిరి. అంకె హెచ్చుగా నుండి, గ్రంథికి విరోధులైన ప్రతిరక్షకములు కూడ నున్న స్త్రీలలో ఏటేట నూటికి 4.3 మంది నిజమైన వ్యాధిలోనికి జారిరి. ప్రతిరక్షకములు లేక అంకె మాత్రమే హెచ్చినవారిలో 2.6 మంది. అనగా ఇట్టివారిలో హెచ్చుమంది ఇరువది యేండ్లకును జారలేదు. ప్రతిరక్షకముల పరీక్ష ఎందుకని అడుగువారికి ఈ భేదమే సమాధానము.

ఇక గీటు సంగతి. ఆరోగ్యవంతులని తలచిన వారి రక్తమును కొలిచి, నూటికి 95 మంది ఇమిడిన మేరను సాధారణమనిరి. మిగిలిన ఐదుగురిలో సగము ఏ జబ్బును లేకయే పైగీటు దాటుదురు. వయస్సుతో ఈ అంకె సహజముగా పెరుగును. రాత్రి హెచ్చి మధ్యాహ్నమునకు తగ్గును. 2000 తరువాత అమెరికాలో కొందరు పైగీటును 2.5కు దింపవలెననిరి. అట్లు దింపినచో లక్షలాది జనుల దేహములలో ఏ మార్పును లేకయే వారందరును ఒక్క రాత్రిలో రోగులగుదురు. 2004లో తమ అభిప్రాయమును ప్రకటించిన నిపుణులు దీని కంగీకరింపలేదు, 4.5కు 10కి నడుమ నున్నవారికి అలవాటుగా మందిచ్చుట తగదనియు చెప్పిరి.

పరీక్షింపక తేలని వివాదమిది. 2017లో నాలుగు ఐరోపా దేశములందు 65 ఏండ్లు పైబడిన 737 మందికి జరిపిన ప్రయోగఫలితము వెలువడెను. సగమునకు మందు, సగమునకు ఉత్త మాత్ర. ఎవరికేది యన్నది రోగికిగాని వైద్యునికిగాని తెలియదు. ఏడాది తరువాత అలసటలోగాని ఇతర బాధలలోగాని భేదము కానరాలేదు. ఉత్త మాత్ర మ్రింగినవారి సగటు అంకె కూడ సుమారు 6.4 నుండి 5.5కు దిగుట మరియు గమనింపదగినది. మందు మోతాదు మించినచో గుండె లయ తప్పుట, ఎముకలు పెళుసగుట యను కీడులు కలవు.

ఇది అందరికిని వర్తించు తీర్పు కాదు. 2019లో ఒక అంతర్జాతీయ బృందము ఇట్టివారికి మందు వలదని గట్టిగా చెప్పుచునే, గర్భము కోరు స్త్రీలను, అంకె 20 దాటినవారిని, తీవ్రలక్షణములు గలవారిని, ముప్పదిలోపు వయస్కులను ఆ మాటనుండి మినహాయించినది. అంకె 10 దాటినచో వైద్యులనేకులు మందువైపే మ్రొగ్గుదురు. గర్భిణుల లెక్క వేరు. వారు జాగు చేయక వైద్యుని చూడవలయును.

మనకిది దూరపు ముచ్చట కాదు. 2013లో ప్రకటితమైన ఎనిమిది నగరముల పరిశీలనలో హైదరాబాదు కూడ నున్నది. పరీక్షించిన 5360 మందిలో నూటికి ఎనమండుగురు ఈ గీటుమీదివారే.

బ్రిటనులోని నైస్ అను మార్గదర్శక సంస్థ 2019లో చెప్పిన పద్ధతి నాకు మధ్యేమార్గముగా తోచుచున్నది. మూడునెలల యెడముతో రెండుమారులును అంకె హద్దు దాటి పదిలోపు నుండవలెను. మనిషి 65 ఏండ్లలోపువారై లక్షణములతో బాధపడుచుండవలెను. అప్పుడు ఆరునెలలు మందిచ్చి చూడవచ్చును. అంకె చక్కబడినను అలసట తీరనిచో మాత్రను మానిపించు విషయము ఆలోచింతురు. ఇప్పటికే మ్రింగుచున్నవారు ఇది విని తమంత తాము మానరాదు. ఏ అంకెకు, ఏ బాధకు మొదలుపెట్టిరో పాత చీటీలు వెదకి వైద్యునికి చూపవలయును. క్రొత్తగా మొదలుపెట్టువారు ఆ ఆరునెలలు నిండు తేదీని మొదటినాడే చీటీమీద వ్రాయించుకొనుట మేలు.