ఎయిర్‌బ్యాగులు, పిల్లల మరణాలు: ఒక నిష్పత్తి చరిత్ర

అమెరికా కాంగ్రెస్ 1991లో చేసిన చట్టం ప్రకారం 1998 మోడల్ నుంచి ప్రతి కొత్త కారులోనూ డ్రైవరుకూ పక్కసీటుకూ ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయింది. ఆనాటి పరీక్ష ఎలా ఉండేదో గమనించండి. బెల్టు పెట్టని, సగటు మగవాడి పరిమాణంలో ఉన్న బొమ్మను కూర్చోబెట్టి, కారును గంటకు 30 మైళ్ల వేగంతో అడ్డుగోడకు ఢీకొట్టించేవారు. అంత బరువును ఆపాలంటే సంచి రెప్పపాటులో, చాలా బలంగా ఉబ్బాలి. ఆ పరీక్షలో పిల్లవాడి బొమ్మ లేదు.

1990ల మధ్యకు పిల్లల మరణాలు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. బెల్టు లేక, బ్రేకు పడగానే ముందుకు జారినవారు కొందరు. వెనక్కు తిప్పి అమర్చిన శిశు సీటులో ఉన్నవారు మరికొందరు. మామూలుగా ప్రాణాపాయం ఉండని తక్కువ వేగపు ప్రమాదాలలోనూ వీరు చనిపోయారు. అయితే సంచి వల్ల బతికిన పిల్లలు ఎందరు? ఈ ప్రశ్నకు విడి కేసుల విచారణ జవాబు చెప్పలేదు. 1975 నుంచి నడుస్తున్న జాతీయ నమోదులో కూడా ఎవరో ఒకరు మరణించిన ప్రమాదాలే ఉంటాయి. అందరూ బతికితే ఆ ప్రమాదం లెక్కలోకే రాదు.

1997లో అమెరికన్ వైద్య సంఘం పత్రికలో వచ్చిన అధ్యయనం ఈ చిక్కును తెలివిగా దాటింది. డ్రైవరుకు మాత్రమే సంచి ఉన్న కార్లను, ఇద్దరికీ ఉన్న కార్లను పోల్చింది. డ్రైవరు రక్షణ రెండింటా ఒకటే కనుక అతడే కొలబద్ద. పక్కసీటు మరణాలకూ డ్రైవరు మరణాలకూ ఉన్న నిష్పత్తి మారితే, ఆ మార్పును ప్రధానంగా పక్కసీటు సంచికి ఆపాదించవచ్చు. ఎదురుగా ఢీకొన్న ప్రమాదాలలో పక్కసీటు మరణాలు మొత్తం మీద 18 శాతం తగ్గాయి. పదేళ్లలోపు పిల్లలను విడదీసి చూస్తే మరణించే ప్రమాదం 34 శాతం ఎక్కువ! పెద్దల సంఖ్య ఎక్కువ కావడంతో సగటులో పిల్లలు కనబడకుండా పోయారు. పిల్లల మరణాలు సంఖ్యలో తక్కువ కనుక 34ను కచ్చితమైన అంకెగా పట్టుకోరాదు. లెక్క ఎటు మొగ్గిందన్నదే ఇక్కడ ముఖ్యం.

అదే ఏడాది సంచి బలం తగ్గించడానికి ప్రభుత్వం అనుమతించింది. 2000 నాటి నిబంధన శిశువు, మూడేళ్ల, ఆరేళ్ల పిల్లల బొమ్మలతోనూ పరీక్షించాలన్నది. పిల్లలను వెనుక సీటులో కూర్చోబెట్టమనే ప్రచారమూ అప్పుడే సాగింది. మరణాలు తగ్గడంలో దేని వాటా ఎంతో విడదీయడం తేలిక కాదు. పై నిష్పత్తి ముందు సీటులో ఉన్నవారినే లెక్కిస్తుంది. వెనక్కు మారిన పిల్లవాడు దాని పరిధిలో ఉండడు.