చారిత్రక నవలల్లో ధీరలు, భీరువులు

చారిత్రక నవలల్లోని నాయికలను మన తరం వాళ్ళం రెండు వరుసల్లో నిలబెట్టాం. కత్తి పట్టినవారు ధీరలు. పెద్దల మాటకు తలవంచి కన్నీరు పెట్టుకున్నవారు భీరువులు. ఆ విభజన న్యాయమైనదేనా అని ఈ వయసులో నాకు సందేహం కలుగుతున్నది.

చిన్నతనంలో వజ్రపుకొత్తూరులో రాత్రిపూట లాంతరు ముందు కూర్చుని నేను నవలలు పైకి చదివేవాణ్ణి. మా అక్క కొబ్బరాకుల నుంచి ఈనెలు తీస్తూ వినేది. అడివి బాపిరాజు గారి ‘గోన గన్నారెడ్డి’ మా ఇద్దరికీ ప్రాణం. మగపిల్లవాడిలా పెరిగిన రుద్రమదేవి గుర్రమెక్కిందంటే అక్క చేతిలో పని ఆగిపోయేది.

విశ్వనాథ సత్యనారాయణ గారి ‘ఏకవీర’ మధుర నాయకరాజుల కాలం నాటి కథ. 1969లో సినిమాగా కూడా వచ్చింది. అందులో ఏకవీర, మీనాక్షి ఇద్దరూ మనసు ఒకరికిచ్చి, మరొకరితో తాళి కట్టించుకుంటారు. ఆ ఘట్టం చదివిన రాత్రి అక్క, “ఒక్క మాట నోరు విప్పి చెప్తే ఏటయిపోద్ది?” అన్నది. రెండేళ్ళకు అక్కకు సంబంధం కుదిరింది. ఇంకా చదువుకోవాలని ఆమెకు ఉండేది. అక్క నోరు విప్పలేదు. ఆ సంగతి తెలిసిన నేనూ విప్పలేదు.

ఉద్యోగ విరమణ తరువాత కాకతీయుల శాసనాల గురించి చదివినప్పుడు నాకు మరో రుద్రమ కనిపించింది. ఆమె సుమారు 1262 నుంచి 1289 వరకు పాలించింది. శాసనాలు ఆమెను రుద్రదేవ మహారాజు అని మగపేరుతో కూడా పిలిచాయి. గుంటూరు ప్రాంతంలోని 1261 నాటి మల్కాపురం శాసనం ప్రకారం, తండ్రి గణపతిదేవుడు వాగ్దానం చేసిన మందడం గ్రామాన్ని, వెలగపూడితో కలిపి, విశ్వేశ్వర శివాచార్యులకు ధారపోసింది. ఆ రాబడి నుంచే విద్యాలయం, వైద్యశాల, ప్రసూతిశాల, అన్నసత్రం నడిచాయి. వెనిసు యాత్రికుడు మార్కో పోలో కూడా ఆమె న్యాయపాలననే మెచ్చుకున్నాడు. నల్లగొండ ప్రాంతంలోని చందుపట్ల శాసనం 1289లో ఆమె శివసాయుజ్యం పొందిందని చెబుతున్నది. అంబదేవుని తిరుగుబాటును అణచే పోరులో మరణించిందని చరిత్రకారుల అభిప్రాయం.

మన ఉద్దానం వారికి మరో విశేషం ఉంది. ఆ రోజుల్లో ఈ కళింగసీమ తూర్పు గాంగరాజులది. వారి సేనలు గోదావరి వైపు నడిస్తే, రుద్రమ సేనాపతులు పోతినాయకుడు, ప్రోలినాయకుడు తిప్పికొట్టారు. అంటే అప్పటి లెక్కలో మనం శత్రుపక్షం! అయినా ఆమెను మన రాణిగానే తలచుకున్నామంటే అందులో బాపిరాజు గారి వంటి నవలాకారుల పుణ్యం ఎంతో ఉంది.

కాని నవలలు చదివే మత్తులో ఒక సంగతి నేను గమనించలేదు. రుద్రమ ధీర కావడానికి ముందు ఆమె తండ్రి ఆమెను నమ్మాడు. కొడుకులు లేకపోయినా కూతురికి రాజ్యతంత్రం నేర్పి, సింహాసనం అప్పగించాడు. ఏకవీరను, మీనాక్షిని ‘నీ మనసులో ఏముంది?’ అని ఎవరడిగారు? అడగనివారిని వదిలేసి, చెప్పనివారిని పిరికివారన్నాం.

మా బావ ఖరగ్‌పూర్‌లో పనికి వెళ్ళాక ఇల్లూ, తోటా, పిల్లల చదువులూ అక్క మీదే పడ్డాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మన తీరాన్ని తాకింది. తెల్లవారేసరికి కొబ్బరి, జీడి చెట్లు నేలమట్టం. నేను తోటగట్టున కూలబడి కళ్ళు తుడుచుకుంటుంటే అక్క వచ్చి, “ఏడిస్తే చెట్టు లెగుస్తాదేట్రా? మొక్కలు ఎక్కడ దొరుకుతాయో చూడు” అన్నది. ఆమె చేతిలో కత్తి లేదు, గునపం ఉంది. మా ఇద్దరిలో భీరువు ఎవరో ఆనాడు నాకు బోధపడింది.

మిత్రులారా, మన మనవరాళ్ళకు రుద్రమదేవి కథ తప్పక చెప్పండి. గణపతిదేవుడి కథ కూడా కలిపి చెప్పండి. పెళ్ళి మాటలకు ముందు, చదువు మాన్పించే ముందు, ఆ పిల్ల మనసులో ఏముందో ఒక్కసారి అడగండి. ఆనాడు నేను అడగలేకపోయాను.